మొదటి కాపులోనే నూనె మచ్చలు: దానిమ్మ తోట ఉంచాలా, పీకేయాలా?

బెళుగుప్ప కోడలు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా బెళుగుప్ప దగ్గర ఒక పల్లె. నేను పక్క మండలంలో బడిపంతులమ్మను. తోట పని మామగారిది, లెక్కలు రాయడం నాది. 2023 ఫిబ్రవరిలో రెండెకరాల ఎర్రనేలలో 580 భగవా రకం దానిమ్మ మొక్కలు నాటాం. వరసకూ వరసకూ 15 అడుగులు, చెట్టుకూ చెట్టుకూ 10 అడుగులు. గూటీ అంట్లు (తల్లి చెట్టు కొమ్మకే వేరు పట్టించి కోసినవి), మొక్క 35 రూపాయలు. అంతకుముందు ఆ చేలో వేరుశనగ తప్ప వేరే పంట ఎరగం.

రెండేళ్లు పువ్వు కనిపిస్తే గిల్లేశాం. ఈ ఏడాది మే నెలలో డ్రిప్పు కట్టేసి చెట్లను బెట్టకు పెట్టాం. జూన్ మొదట్లో ఎథ్రెల్ కొట్టి ఆకు రాల్చాం. పూత చూడటానికి ఊళ్లోవాళ్లు పని మానుకుని వచ్చారు. ఆగస్టులో వరసగా తొమ్మిది రోజులు ముసురు పట్టింది. అది వెలిసిన వారానికి నిమ్మకాయంత కాయల మీద నూనె చుక్కలు పడ్డట్టు మచ్చలు కనిపించాయి. ఇప్పుడు సెప్టెంబరు రెండో వారం. పది కాయల్లో మూడింటికి మచ్చ ఉంది. మచ్చపడ్డ వాటిలో సగం పగిలాయి.

మందుల దుకాణంలో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి, రాగి మందు కలిపి వారానికోసారి కొడుతున్నాం. మందులకే 1,40,000 రూపాయలు దాటింది. పక్క పొలం ఆయన ‘పీకేసి చీనీ (బత్తాయి) పెట్టుకోండి’ అంటున్నాడు. మామగారు ఏమీ అనడం లేదు. పొద్దున్నే వెళ్లి రాలిన కాయలు తువ్వాలులో మూటగట్టుకుని గట్టు మీద కూర్చుంటున్నారు. నాకు అదే ఎక్కువ భయంగా ఉంది.

తోట ఉంచాలా, పీకేయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మిద్దెతోట

అక్కా, నేను రైతును కాను. విశాఖలో మిద్దె మీద పెద్ద డ్రమ్ములో ఒక దానిమ్మ చెట్టు పెంచుతున్నాను, అంతే. నా కాయలు కూడా పోయిన ఏడాది పగిలాయి. బోరాన్ తక్కువైందని ఎవరో చెబితే వేశాను, తగ్గింది. మీరూ అది చూడండి. పనిలో పనిగా నాదీ ఒక సందేహం: ఈసారి పువ్వులు వందల్లో వచ్చి సగానికి సగం రాలిపోయాయి. ఇది కూడా తెగులేనా?

ఎర్రనేల

అమ్మా, పీకే మాట పది రోజులు పక్కన పెట్టండి. నాది కళ్యాణదుర్గం వైపు. పద్నాలుగేళ్లుగా దానిమ్మ పండిస్తున్నాను. నా మొదటి తోట పోయింది ఈ మచ్చతోనే, అదీ మీలాగే జూన్‌లో పూతకు వదిలిన మృగశిర కాపులోనే. అప్పుడు నేను ముందు పీకేసి, ఆ తర్వాత ఆలోచించాను.

మిద్దెతోట గారు బోరాన్ అన్నారు. బోరాన్ తక్కువైనా, ఎండగట్టి ఒక్కసారిగా నీళ్లు వదిలినా కాయ పగలడం నిజమే. కానీ ఆ పగులు వేరు, ఈ పగులు వేరు. ఒక కాయ తెంపి అరచేతిలో పెట్టుకుని తిప్పి చూడండి. నీటి తేడాతో పగిలిన కాయకు తొక్క నున్నగా ఉంటుంది. మచ్చ లేని చోట పొడుగ్గా నోరు తెరుస్తుంది, లోపల గింజలు శుభ్రంగా ఉంటాయి, చిలకలు దాన్ని మనకంటే ముందు కనిపెడతాయి. మచ్చ తెగులు పగులు అలా కాదు. అది మచ్చ మధ్యలోనే పుడుతుంది. ఇంగ్లిషు ‘వై’ అక్షరంలాగానో, ‘ఎల్’ అక్షరంలాగానో చీలుతుంది. చీలిక అంచులు నల్లగా, ఎండిన జిగురు పట్టినట్టు ఉంటాయి.

తర్వాత ఆకు. పొద్దున ఏడు గంటలప్పుడు మచ్చ ఉన్న ఆకు తెంపి సూర్యుడికి అడ్డంగా పట్టుకోండి. బజ్జీలు చుట్టిన కాగితంలో నూనె పట్టిన చోట వెలుతురు ఎలా దిగుతుందో, లేత మచ్చలోంచి అలా దిగితే ఇది బ్యాక్టీరియా మచ్చే. చుట్టూ పసుపు వలయం కూడా ఉంటుంది. మహారాష్ట్ర రైతులు దీన్ని తేల్యా అంటారు, అంటే నూనెది అని. శిలీంధ్రాల వల్ల వచ్చే మచ్చలు కూడా ఉన్నాయి. అవి నల్లగా పొడిగా ఉంటాయి, వాటికి మందు వేరు. చాలామంది ఈ రెండూ కలిపేసుకుని డబ్బు పోసుకుంటారు.

కాయ, ఆకు చూసి తోట పీకే నిర్ణయానికి రావద్దు. ఆకు రాలిపోయేదే, కాయ కోసేసేదే. చూడాల్సింది కొమ్మ కణుపులను. కణుపు దగ్గర గోధుమరంగు నుంచి నలుపు తిరిగిన పుండు ఉందా? ఉంటే కొమ్మ చుట్టూ ఎంత మేర పాకింది? బొటనవేలు కణుపు మీద పెట్టి కొంచెం వంచండి. ఆరోగ్యంగా ఉన్న కొమ్మ సాగుతుంది. పుండు చుట్టేసిన కొమ్మ అక్కడే పుటుక్కున విరుగుతుంది. సన్నకొమ్మలకే ఉంటే కత్తెరతో పోతుంది. మొదళ్లకు, లావు కొమ్మలకు పట్టిన చెట్టును మాత్రం ఉంచొద్దు. ‘ఉంచాలా పీకాలా’ అని 580 చెట్లకూ కలిపి అడిగారు. 580 సార్లు అడగాలి. మామగారి చేతికి సున్నం డబ్బా, కుంచె ఇవ్వండి. పట్టిన చెట్టుకు గుర్తు పెట్టమనండి. గట్టు మీద కూర్చోవడం కంటే ఆయనకు అదే మంచిది.

తెగులు ఎలా వచ్చిందని అడగలేదు గానీ చెబుతాను. తల్లి చెట్టుకు ఉంటే గూటీ అంటుతోపాటే అది మీ చేలోకి వస్తుంది. ఎండకాలమంతా కణుపుల్లో ఊరకే కూర్చుంటుంది. వాన చినుకు పడితే ఆ తుంపరతో ఆకు నుంచి ఆకుకు, మన కత్తెరతో చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. దానికి కావలసింది 25 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం, తడి. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. దానిమ్మ తోటలో ఆ రంకె వేసేది కంటికి కనిపించని ఈ బ్యాక్టీరియా.

ఇక్కడే అసలు మాట. మామిడికి ఒక కాలముంది. దానిమ్మకు లేదు. మనం ఎప్పుడు నీళ్లు ఆపి ఆకు రాలిస్తే అప్పుడు పూస్తుంది. జూన్ జూలైల్లో పూత తెప్పిస్తే మృగ్ బహార్, సెప్టెంబరు అక్టోబరుల్లో అయితే హస్త బహార్, జనవరి ఫిబ్రవరిల్లో అయితే అంబే బహార్. మొదటి రెండు పేర్లూ మన కార్తెలే. మృగశిరకు వదిలితే బోరు నీళ్లు తక్కువ పడతాయి, వానే తోటను పెంచుతుంది. అందుకే అందరికీ అదంటే ఆశ. కానీ పూత నుంచి కాయ ఊరేదాకా ఆరు నెలల్లో నాలుగు నెలలు వానలోనే ఉండాలి. తోటలో తెగులు లేనప్పుడు అది లాభం. ఉన్నప్పుడు మనమే దానికి పందిరి వేసి పిలిచినట్టు.

నేనిప్పుడు అక్టోబరు వానలు వెనకపట్టాక ఆకు రాలుస్తాను. నవంబరులో పూత, మే నెలలో కోత. కాయ పెరిగే కాలమంతా పొడిగా ఉంటుంది. మచ్చ ఒక్కటి కూడా రాదని అనను, ఎనిమిదేళ్లలో రెండుసార్లు వచ్చింది. కానీ మందుల ఖర్చు సగానికి దిగింది. దీనికి మూల్యం నీళ్లు. ఏప్రిల్‌లో నా చెట్టుకు రోజుకు 40 లీటర్లు దాకా పోస్తాను. మీ 580 చెట్లకు అది 23,200 లీటర్లు. మే నెలలో మీ బోరు ఎంత పోస్తుందో ముందు కొలుచుకోండి. పోయకపోతే నా మాట వినొద్దు.

ఇప్పుడు ఉన్న కాయ సంగతి. మచ్చ కాయలన్నీ తెంపండి. నేల మీద పడేయకుండా సంచిలో వేసుకుని తోట బయట లోతుగా పూడ్చండి. మామగారు మూటగట్టి గట్టున పెడుతున్నవి కూడా. యాంటీబయాటిక్ వారం వారం కొట్టడం ఆపండి. అలా కొట్టగా కొట్టగా బ్యాక్టీరియా దానికి అలవాటుపడుతుంది, మీ డబ్బే అయిపోతుంది. వాన తెరిపిచ్చిన రోజు బోర్డో మిశ్రమం కొట్టండి. అది ఇంట్లో కలుపుకున్నదే మేలు. 100 లీటర్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. కాయలు చెట్టు మీద ఉన్నాయి కాబట్టి ఇప్పుడు రెండూ అరకిలో చొప్పున చాలు. ప్లాస్టిక్ డ్రమ్ముల్లోనే కలపాలి. తుత్తం ఒకదాంట్లో, సున్నం ఒకదాంట్లో విడివిడిగా కరిగించి, సున్నపు నీళ్లు గుడ్డతో వడగట్టి, రెండూ మూడో డ్రమ్ములోకి ఒకేసారి పోస్తూ కర్రతో కలపండి. ఆకాశం రంగు వస్తుంది. అప్పుడు తోమిన ఇనుప కత్తి అర నిమిషం ముంచి తీయండి. కత్తి కత్తిలాగే ఉంటే మిశ్రమం కుదిరింది. తుప్పులాంటి ఎర్ర పూత పట్టిందంటే సున్నం చాలలేదు, అలాగే కొడితే ఆకు మాడుతుంది. ఏ రోజు కలిపింది ఆ రోజే కొట్టేయాలి.

మిగిలిన మంచి కాయను డిసెంబరులో కోసుకోండి. ఆ తర్వాత కత్తిరింపు, ఎరువు, విశ్రాంతి. మళ్లీ కాపు వచ్చే ఏడాది అక్టోబరు చివర. మధ్యలో పువ్వు వస్తే గిల్లేయడమే. మింగుడుపడని మాటే, తెలుసు.

మిద్దెతోట గారూ, రాలిన పువ్వు అడుగు చూడండి. గంటలా అడుగు సన్నగా ఉంటే అది మగ పువ్వు, రాలిపోవడం దాని స్వభావం. కూజాలా అడుగు ఉబ్బి ఉన్నవే కాయలవుతాయి. ఉబ్బినవి కూడా రాలుతుంటే అప్పుడు నీళ్ల సంగతి ఆలోచించండి.

కత్తెర

ఎర్రనేల గారి మాటల్లో ఒక్కదానికి నేను ఒప్పుకోను. నేను కత్తిరింపు కూలీల ముఠా నడుపుతాను. రాయదుర్గం నుంచి బళ్లారి దాకా ఏడాదికి కొన్ని వందల ఎకరాల్లో పని చేస్తాం. కాపు ఏడాది వదులుకోమని చెప్పడం తేలిక. అప్పు తెచ్చి మొదటి కాపు పోయిన ఇంటికి పద్నాలుగు నెలలు ఆగడం చేతకాదు. ఇప్పుడే కాయంతా దులిపేసి, అక్టోబరులో కత్తిరించి, మూడు నెలలు విశ్రాంతి ఇచ్చి జనవరి చివర ఆకు రాల్చుకోవచ్చు. ఆగస్టు మొదట్లో కోత వస్తుంది. మా వైపు జూన్ జూలైల్లో వాన ఎంతని? గాలి తప్ప ఏమీ ఉండదు.

కత్తిరింపు గురించి ఒక మాట, ఇది ఎవరూ చెప్పరు. మా ముఠాలో ఒక్కో మనిషికి రెండు కత్తెరలు. ఒకటి చేతిలో, ఒకటి క్లోరిన్ ద్రావణం ఉన్న బకెట్లో. చెట్టు మారినప్పుడల్లా కత్తెర మారుస్తాం. దీనివల్ల రోజుకు ఒక మనిషి 10 చెట్లు తక్కువ చేస్తాడు. రైతు పక్కన నిలబడి ‘ఏమిటీ ఆలస్యం’ అంటాడు. తెగులు లేని వరసలు ముందు చేయించండి, సున్నం గుర్తు ఉన్నవి చివర. పుండు కనిపించిన చోట కాదు, దాని కిందికి రెండు అంగుళాలు వదిలి కోయాలి. కోసిన మొనలకు అదే రోజు సాయంత్రం బోర్డో ముద్ద పూయాలి. కోసిన కొమ్మలు, రాలిన ఆకు ఊడ్చి కాల్చేయాలి. నేల మీద బ్లీచింగ్ పొడి నీళ్లు చల్లితే ఇంకా మంచిది.

ఎర్రనేల

కత్తెర గారూ, అప్పు మాట నిజం. ఆ ఇంటి లెక్క నాకు తెలియదు, తెలియకుండా ‘ఆగండి’ అన్నాను. అయినా జనవరి కాపుకు కాయ రంగు తిరిగే చివరి నెలన్నర వానలో పడుతుంది. రెండు మంచి వానలు చాలు. పోతే ఈసారి తయారైన కాయ పోతుంది, నిమ్మకాయ కాదు. అమ్మా, ఇద్దరం రెండు దారులు చెప్పాం. మీ బోరునూ మీ అప్పునూ పక్కపక్కన పెట్టుకుని మీరే తేల్చుకోవాలి.

బెళుగుప్ప కోడలు

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. బడిలో పరీక్షలు.

రెండు ఆదివారాలు మామగారూ నేనూ సున్నం డబ్బాతో చెట్టు చెట్టుకూ తిరిగాం. పగుళ్లన్నీ ‘వై’ అక్షరమే, అనుమానం లేదు. ఆకు మచ్చ దాదాపు తోటంతా ఉంది. కానీ కొమ్మ వంచితే విరిగినవి 580లో 64 చెట్లు. అందులో మొదలుకు పట్టినవి 23. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ 64లో 58 చెట్లు పడమటి వైపు ఆరు వరసల్లోనే ఉన్నాయి. ఎందుకో నాకు తోచలేదు. మామగారు చాలాసేపు ఆ వరసల మొదట్లో నిలబడి, ‘ఇవి రెండో ట్రాక్టరులో వచ్చిన మొక్కలు’ అన్నారు. మొదటిరోజు మొక్కలు చాలక, అంట్లు అమ్మినతను మర్నాడు ఇంకెక్కడి నుంచో తెప్పించి ఇచ్చాడట. నా లెక్కల పుస్తకం తీసి చూస్తే రెండు రోజుల కిరాయి విడివిడిగా రాసి ఉంది. మూడేళ్లుగా ఆ కాగితం నా దగ్గరే ఉంది!

23 చెట్లు పీకి కాల్చాం. మిగిలినవి ఉంచుతున్నాం. మచ్చ కాయలు 31 సంచులు పూడ్చాం. పక్క పొలం ఆయన గుంట తవ్వడానికి మనిషిని పంపాడు, మంచివాడే.

మే నెలలో మా బోరు రోజుకు 18,000 లీటర్లు మించి పోయదు. ఈ వేసవిలో తొట్టి నిండే లెక్కను బట్టి చెబుతున్నాను. అంటే తోటంతా ఒకేసారి మే కాపుకు పెట్టలేం. ఇంట్లో మాట్లాడుకుని ఇలా అనుకున్నాం: ఇప్పుడున్న మంచి కాయ డిసెంబరు దాకా ఉంచి కోసుకుంటాం. వచ్చే అక్టోబరుకు తూర్పు వైపు ఎకరా మాత్రం కాపుకు వదులుతాం. పడమటి ఎకరా పూర్తిగా కోలుకునే దాకా ముట్టుకోం. కత్తెర గారి జనవరి మాట మామగారికి నచ్చింది గానీ, మళ్లీ వానలో కాయను చూసే ధైర్యం లేదన్నారు. అప్పు వాయిదాకు నా జీతం ఉంది. అది అందరికీ ఉండదని తెలుసు.

బోర్డో కలిపే రోజు తమాషా జరిగింది. మామగారు కత్తి ముంచి తీస్తే ఎర్రగా పూత పట్టింది. దుకాణం సున్నం పొడి పాతదిలా ఉంది. మళ్లీ వంద గ్రాములు కలిపాం, మళ్లీ ముంచాం, అయినా ఎరుపే. మూడోసారి కత్తి మెరిసింది. ఆయన ఆ కత్తిని తువ్వాలుతో తుడిచి, మా ఆయనకు ఫోను చేసి పావుగంట దాని గురించే చెప్పారు.

రెండు సందేహాలు. పీకిన గుంతల్లో మళ్లీ దానిమ్మే నాటవచ్చా? మే కాపుకు ఎండ దెబ్బ తగలకుండా తోట మీద చీరలు కప్పుతారని విన్నాను, నిజమేనా?

ఎర్రనేల

18,000 లీటర్లకు ఎకరా కాపు సరైన లెక్క. 290 చెట్లకు 40 చొప్పున పోసినా మిగిలిన నీళ్లు పడమటి ఎకరాను బతికిస్తాయి. మూడు నాలుగేళ్ల చెట్టుకు 30, 40 కాయలకు మించి ఉంచకండి. పూత చూసి మురిసిపోయి అన్నీ ఉంచితే అన్నీ నిమ్మకాయలే అవుతాయి. వచ్చే అక్టోబరుకు ఎథ్రెల్ కొట్టేముందు ఆకు వాడి పసుపు తిరగాలి. ఎర్రనేల కాబట్టి వాన పడకపోతే నీళ్లు ఆపిన నెల రోజులకు తిరుగుతుంది. పచ్చగా ఉన్న చెట్టు మీద మోతాదు పెంచి కొట్టినవాళ్ల తోటలో కొమ్మలు ఎండిపోవడం నేను చూశాను.

గుంతలను ఒక వేసవి ఎండనివ్వండి. తర్వాత నాటండి. ఈసారి మొక్క కాదు, ముందు తల్లి చెట్టును చూసి కొనండి. అమ్మేవాడు చూపించనంటే వెనక్కి వచ్చేయండి.

చీరల మాట నిజమే. మార్చి నుంచి పడమటెండ తగిలిన కాయకు ఒక చెంప మాడి గోధుమరంగు తిరుగుతుంది, అది సంతలో రెండో రకం కింద పోతుంది. పాత చీరలు కిలోల లెక్కన అమ్ముతారు. పలచనివి, లేత రంగువి తీసుకోండి. ముదురు రంగులు వేడెక్కుతాయి. వరస పొడుగునా కప్పి, గాలికి లేవకుండా అడుగు కొమ్మలకు ముడేయాలి. నా తోట దూరం నుంచి చూస్తే పెళ్లివారిల్లులా ఉంటుంది. ఇంట్లో బీరువా జోలికి పోవద్దని మాత్రం మామగారికి ముందే చెప్పండి. నేను పోయాను. ఒకటి మా ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన చీర.